గోకుడు వెనక గుండె



మా సార్ పేరున ఏటా జరిగే ఈ సభలో మాట్లాడమని నన్ను పిలిచారు. సార్ దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం ఏ పుస్తకంలోనిదీ కాదు. పేషెంటును కిటికీ దగ్గరికి తీసుకుపోయి పగటి వెలుతురులో చూడాలి. ట్యూబులైటు కింద పాలిపోయిన ఒళ్లు, పచ్చబడ్డ ఒళ్లు, బూడిద రంగుకు తిరిగిన ఒళ్లు అన్నీ ఒక్క తీరుగానే అగుపిస్తాయి. అందుకని ఈ సాయంత్రం చర్మం గురించే మాట్లాడతాను. కిడ్నీ జబ్బున్న మనిషి చర్మం ఆ మనిషి గుండె సంగతి ఏం చెబుతుంది, చెప్పిన దాంట్లో ఎంత నమ్మాలి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో మనం దాన్ని ఎట్లా చదవాలి అన్నదే నా విషయం.

ముందుగా ఒక తల్లి సంగతి చెప్పాలి. కోరుట్ల దగ్గరి పల్లె. చిన్నప్పటి నుంచి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసిన మనిషి. షుగర్, ఆ తర్వాత బీపీ, ఆ రెండింటి వెనక కిడ్నీలు. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం డయాలసిస్. నేనప్పుడు కుర్ర డాక్టర్‌ని. ఆమె వచ్చినప్పుడల్లా నేను క్రియాటినిన్, పొటాషియం కాగితాలు తిరగేసేవాణ్ని. ఆమె మాత్రం ఒక్కటే అడిగేది. "ఆ కాయితాల సంగతి తర్వాత సూడున్రి సారూ. ముందుగాల ఈ గోకుడు తగ్గియ్యున్రి. రాత్రంత కన్ను మూతవడ్తలేదు." నేను ఒక లోషన్, ఒక దురద బిళ్ల రాసిచ్చి పంపేవాణ్ని. మూడుసార్లు అట్లాగే పంపాను.

నాలుగోసారి సార్ పక్కన ఉన్నారు. ఆమెను కిటికీ వైపు తిప్పి, "అమ్మా, వీపు చూడనిస్తావా" అని అడిగారు. భుజాల మీద, నడుము మీద గోటి గీతలు, మానిన మచ్చలు, మానని పుండ్లు. వెన్ను నట్టనడుమ మాత్రం, రెండు చేతులూ అందని చోట, చర్మం మచ్చ లేకుండా నున్నగా ఉంది. సీతాకోకచిలుక రెక్కలు విప్పి వాలినట్టు ఆ నున్నటి భాగం ఒక ఆకారంగా కనిపించింది. జబ్బు చర్మానిదే అయితే చెయ్యి అందని చోటును వదిలిపెట్టదు. గోకిన చోటే మచ్చలున్నాయంటే దురద లోపలి నుంచి వస్తున్నదని అర్థం. తర్వాత సార్ ఆమె వేళ్లు పట్టుకుని చూపించారు. తంబాకు, తునికాకు రంగు పట్టిన ఆ వేళ్ల చివర గోళ్లు మాత్రం పాలిష్ పట్టినట్టు మెరుస్తున్నాయి. నెలల తరబడి ఒంటికి రాసి రాసి అట్లా తేలిన నునుపు అది. నేను మూడుసార్లు ఆ చేతికి బీపీ పట్టీ చుట్టాను. గోళ్లు చూడలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలకు, ఒక మంగళవారం తెల్లవారుజామున ఆమె ఇంట్లోనే పోయింది. గుండె ఆగిందన్నారు. శుక్రవారం డయాలసిస్ అయ్యాక మళ్లీ ఎక్కాల్సింది ఆ మంగళవారమే.

దురద ఆమెను చంపిందని నేను అనడం లేదు. ఆ దురద ఎన్నో సంగతులు ఒక్కసారే చెబుతూ ఉండింది. ఒంట్లో మలినాలు సరిగా పోవడం లేదు, వారానికి రెండుసార్లు చాలడం లేదు, నిద్ర లేదు. ఈ మూడూ గుండెకు పట్టే సంగతులే. వినాల్సిన వాణ్ని నేను. లోషన్ రాసిచ్చాను.

కిడ్నీ పేషెంటు కిడ్నీతోనే పోతాడని మన ఊళ్లలో అందరూ అనుకుంటారు. డాక్టర్లలోనూ చాలామందికి అదే నమ్మకం. నిజానికి ఎక్కువమందిని తీసుకుపోయేది గుండె. ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. లండన్ గైస్ ఆసుపత్రిలో రిచర్డ్ బ్రైట్ 1836లోనే, కిడ్నీలు చెడి చనిపోయిన వాళ్ల శవపరీక్షల్లో గుండె పెరిగి, గోడలు మందమై ఉండటం రాసిపెట్టాడు. 1998లో ఫోలీ, పార్ఫ్రీ, సర్నాక్ అనే పరిశోధకులు అమెరికా లెక్కలు తీసి చూస్తే, డయాలసిస్ మీదున్న పాతికేళ్ల యువకుడికి గుండె జబ్బుతో చనిపోయే ప్రమాదం ఎనభై దాటిన ముసలాయనతో సమానంగా తేలింది. 2004లో కాలిఫోర్నియాలో 11 లక్షల మందిని గమనించి చేసిన పరిశీలన ఇంకో మాట చెప్పింది. డయాలసిస్ దాకా పోనక్కరలేదు, కిడ్నీ పని కొంత తగ్గిన దగ్గర్నుంచే గుండెపోట్లు, పక్షవాతాలు పెరుగుతూ వస్తాయి. చాలామంది డయాలసిస్ మంచం చూడకముందే గుండెతో వెళ్లిపోతారు. అంటే ఈ కబురు మనకు ముందే అందాలి.

ముందే అందించే యంత్రం ఒకటుంది. దాని సంగతి కొంచెం తీరికగా చెబుతాను.

సర్వపిండి గంజు లోంచి తీసినప్పుడు అడుగున ఎర్రగా కరకరలాడే పొర వస్తుంది కదా. వేడికి పిండిలోని చక్కెరలు, ప్రోటీన్లు కలిసిపోయి ఆ రంగు, ఆ వాసన పుడతాయి. ఈ కలయికను 1912లో ఫ్రాన్సులో లూయీ కమీల్ మయార్ వివరించాడు. ఇదే పని మన ఒంట్లో పొయ్యి లేకుండా, ఒంటి వెచ్చదనానికే, ఏళ్ల తరబడి నెమ్మదిగా జరుగుతుంది. షుగర్ పేషెంట్లందరికీ తెలిసిన మూడు నెలల పరీక్ష, హెచ్‌బీఏ1సీ, దీని తొలి మెట్టును కొలిచేదే. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. దానికి అంటుకున్న చక్కెర ఆ మూడు నాలుగు నెలల కథే చెప్పగలదు. కిడ్నీ చెడినవాళ్లలో ఆ కణాలు ముందే రాలిపోతాయి కాబట్టి ఆ కథ కూడా పొల్లుపోతుంది. చర్మంలోని కొల్లాజెన్ అట్లా కాదు. అందులో సగం మారడానికే దాదాపు 15 ఏళ్లు పడుతుంది. దానికి అంటుకుని గట్టిపడిన చక్కెర మడ్డి ఏళ్లకేళ్ల లెక్క దాచిపెడుతుంది. షుగర్ లేకపోయినా సరే, కిడ్నీ ఆ మడ్డిని బయటికి పంపలేకపోతే అది పేరుకుంటుంది. చర్మంలో పేరుకున్నట్టే రక్తనాళాల గోడల్లోనూ, గుండె కండరంలోనూ పేరుకుని వాటిని బిరుసెక్కిస్తుంది.

ఆ మడ్డిలో కొంత భాగానికి ఒక గుణం ఉంది. కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి పడితే నీలంగా వెలుగుతుంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ వైద్యులు దీన్ని పట్టుకుని, ముంజేయి లోపలి వైపు ఆనించి అర నిమిషంలో కొలిచే చిన్న పెట్టె తయారుచేశారు. సూది లేదు, రక్తం తీసే పని లేదు. 2005లో వాళ్లు 109 మంది డయాలసిస్ పేషెంట్లలో చూస్తే, చర్మం ఎంత ఎక్కువ వెలిగితే వాళ్లు అంత తొందరగా, ముఖ్యంగా గుండె జబ్బులతో, చనిపోయారు. 2014లో ఇంగ్లండ్‌లోని డెర్బీలో, ఇంకా డయాలసిస్ అక్కరలేని మధ్యస్థ దశ పేషెంట్లు దాదాపు 1,700 మందిలోనూ అదే దారి కనిపించింది. పొగ తాగేవాళ్లలో వెలుగు ఎక్కువ. ఆ మాట బీడీలు కాల్చే మన మగవాళ్లు వినాలి.

ఈ యంత్రం గురించి మొదటిసారి చదివినప్పుడు నా ఆనందం అంతా ఇంతా కాదు. అట్లాంటిది ఒక్కటి జగిత్యాలలో పెడితే చాలనుకున్నాను. పూర్తిగా చదివాక ఆ ఆశ సన్నగిల్లింది. వెలుగు చర్మం లోపలికి పోయి తిరిగి రావాలి. మనలాంటి నల్లటి చర్మంలోని రంగు ఆ వెలుగును పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి మింగేస్తుంది. తిరిగొచ్చే వెలుతురు మరీ తక్కువైతే ఆ పెట్టె లెక్క నమ్మదగింది కాదు. తయారుచేసిన వాళ్లే ఈ సంగతి ఒప్పుకుని, రంగును బట్టి లెక్కను సవరించే సూత్రాలు కట్టారు.  వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే క్లిప్పు నల్లజాతి వాళ్లలో తప్పు చూపుతున్నదని 2020లో అమెరికాలో బయటపడింది గుర్తుంది కదా. ఇదీ ఆ కోవదే.

మన దగ్గర దీనికి ఇంకో చిక్కు కూడా ఉంది. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల పల్లెలు పసుపు పండించే నేలలు. పసుపులోని కర్కుమిన్‌కు అతినీలలోహిత కాంతి తగిలితే అది తనంతట తానే పచ్చగా వెలుగుతుంది. పసుపు రాసుకుని స్నానం చేసిన చెయ్యినీ, పసుపు కొమ్ములు ఉడకబెట్టి ఆరబోసి వచ్చిన చెయ్యినీ ఆ పెట్టె కింద పెడితే అది కొలిచేది గుండె ప్రమాదాన్నా, పసుపునా? డచ్చి వాళ్లకు ఈ ప్రశ్న రావాల్సిన పని లేదు. మనకు రావాలి. యంత్రం వద్దని నేను చెప్పడం లేదు. మన చర్మం మీద, మన పసుపు మీద, మన ఎండలో పరీక్షించాకే దాని మాట నమ్ముదాం అంటున్నాను. ఇంకో సంగతి. ఆ వెలుగు తగ్గితే మనిషి ఎక్కువకాలం బతుకుతాడని ఇప్పటికీ గట్టి రుజువు లేదు. ప్రమాదం గుర్తు వేరు, ప్రమాదానికి మందు వేరు.

యంత్రం వచ్చేదాకా చేతులున్నాయి కదా, మళ్లీ దురద దగ్గరికే వస్తాను. డయాలసిస్ మీదున్న వాళ్లలో దురద ఎంతమందికి ఉందో 12 దేశాల్లో 18 వేలకు పైగా పేషెంట్లను అడిగి, 2006లో ప్రకటించారు. వందకు 40 మందికి పైగా ఓ మోస్తరు నుంచి భరించరాని దురద దాకా ఉంది. దురద లేనివాళ్లతో పోలిస్తే వాళ్లు చనిపోయే ప్రమాదం వందకు 17 వంతులు ఎక్కువ. నిద్ర సంగతి కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా చాలావరకు కరిగిపోయింది. ఈ చివరి వాక్యం నాకు చాలా ముఖ్యం. దురద రాత్రిని మింగుతుంది, నిద్ర లేని రాత్రి గుండెను మింగుతుంది. ఆ తల్లి నాతో అన్న మాట ఇదే. "రాత్రంత కన్ను మూతవడ్తలేదు." పెద్ద అధ్యయనం చేసి తేల్చిన దాన్ని ఆమె బీడీలు కట్టిన చేతులు చూపిస్తూ ముందే చెప్పింది.

డయాలసిస్ చాలినంత జరుగుతున్నదా, భాస్వరం, కాల్షియం, పారాథైరాయిడ్ ఎట్లున్నాయి అని దురద మనచేత అడిగిస్తుంది. వీటిలో ఏ ఒక్కదాన్నీ దోషిగా పట్టుకోలేం. ఎండిపోయిన చర్మానికి తడి ఆరకముందే కొబ్బరినూనె రాయించడం అందరికీ అందే పని. గాబాపెంటిన్ బిళ్ల చాలా చిన్న మోతాదులో, డయాలసిస్ అయ్యాక ఇస్తే చాలామందికి నిద్ర వస్తుంది. మామూలు మోతాదు ఇస్తే కిడ్నీ లేని మనిషి మగతలోకి జారిపోతాడు, కాబట్టి దుకాణంలో అడిగి కొనుక్కోవద్దు.

చర్మానికి ఇంకో పని కూడా ఉంది, దాన్ని మనం ఇటీవలే కనుక్కున్నాం. అది ఉప్పు దాచే గోదాం. ఉప్పు ఒంట్లో ఎప్పుడూ నీళ్లతోనే ఉంటుందని నేను చదువుకున్నాను. అట్లా కాదు, నీళ్లు లేకుండా కూడా చర్మం ఉప్పును పట్టి ఉంచగలదని జర్మనీలోని ఎర్లాంగెన్ పరిశోధకులు చూపించారు. 2017లో వాళ్లు కిడ్నీ పని కొంత తగ్గిన 99 మందికి ఎంఆర్ఐతో పిక్క చర్మంలోని సోడియం కొలిచారు. బీపీ ఎంత ఉన్నా సరే, చర్మంలో ఉప్పు ఎక్కువున్నవాళ్లకు గుండె ఎడమ గది గోడ మందంగా ఉంది. బ్రైట్ 1836లో శవంలో చూసిన మందమే అది. ఆ ఎంఆర్ఐ మన జిల్లాలకు ఇప్పట్లో రాదు. తొక్కుల సంగతి మాత్రం ఈ రోజే మాట్లాడుకోవచ్చు. ఏ పేషెంటునైనా "ఉప్పు తింటావా" అని అడిగితే "లేదు సారూ, కూరల ఉప్పే వేసుకుంట లేను" అంటాడు. మామిడికాయ తొక్కు గురించి విడిగా అడగాలి.

ఎక్కువగా నమ్మకూడని గుర్తుల సంగతి తొందరగా ముగిస్తాను. గోరు సగం తెల్లగా, సగం ఎర్రగా ఉండటాన్ని 1967లో లిండ్సే అనే డాక్టర్ రాశాడు. అది కిడ్నీని చెబుతుంది, గుండెను కాదు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న చేతుల్లో అదీ కనపడదు. చెవి తమ్మె మీది అడ్డగీత గుండెజబ్బుకు గుర్తని 1973లో ఫ్రాంక్ అనే డాక్టర్ అన్నాడు. వయసు పెరిగితే చాలామందికి ఆ గీత వస్తుంది, దాన్ని పట్టుకుని ఎవర్నీ భయపెట్టొద్దు. కనురెప్పల మీది పసుపు రంగు కొవ్వు మచ్చలకు మాత్రం కొంత విలువుంది. కోపెన్‌హాగన్‌లో వేలమందిని ఏళ్ల తరబడి గమనించి, కొలెస్టరాల్ ఎంతున్నా సరే ఆ మచ్చలున్నవాళ్లకు గుండెపోట్లు ఎక్కువని 2011లో చెప్పారు. అది మామూలు జనంలో చూసిన మాట, కిడ్నీ పేషెంట్లలో కాదు.

ఒక్క గుర్తును మాత్రం ఈ గదిలోని ఏ సిస్టరూ, ఏ విద్యార్థీ మరిచిపోవద్దు. తొడల మీదో, పొట్ట మీదో వలలాగా ఊదా రంగు గీతలు, వాటి కింద గట్టి గడ్డలు, ముట్టుకుంటే ఓర్వలేని నొప్పి, తర్వాత నల్లటి పుండ్లు. సన్నటి రక్తనాళాల్లో కాల్షియం పేరుకుని చర్మం చచ్చిపోతున్నదన్నమాట. దీనికి కాల్సిఫిలాక్సిస్ అనే పేరు 1960ల మొదట్లో హన్స్ సెల్యే పరిశోధనల నుంచి వచ్చింది. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో, లావుగా ఉన్నవాళ్లలో, వార్ఫరిన్ వాడేవాళ్లలో ఎక్కువ. పుండ్లు పడ్డాక ఏడాది తిరిగేసరికి సగం మందికి పైగా మిగలరు. అరుదే. అయినా నొప్పి ఎక్కువుండి పుండు చిన్నగా ఉంటే "తగ్గిపోతది" అని పంపొద్దు. ఆ రోజే పెద్దాసుపత్రికి పంపాలి.

సిరిసిల్లలో ఒక సాంచెల కార్మికుడు నాకు చాలా నేర్పాడు. రోజుకు పన్నెండు గంటలు మరమగ్గాల మధ్య నిలబడి చెవులు కొంత మొద్దుబారిన మనిషి. డయాలసిస్ కోసం ఎడమ ముంజేతికి ఫిస్టులా వేశారు. ధమనినీ, సిరనూ కలిపి కుట్టిన చోట చర్మం కింద రక్తం గరగరలాడుతూ దూకుతుంది. మూడు వేళ్లు ఆనిస్తే ఆ అదురు తెలుస్తుంది. "రోజూ పొద్దున చెయ్యి పట్టి చూసుకో, ఆ గరగర ఆగితే వెంటనే రా" అని చెప్పాను. అతను నవ్వి, "సాంచెకు కరెంటు ఉన్నదా లేదా చెయ్యి పెట్టి చూస్తం సారూ, గట్లనే" అన్నాడు. ఆ పోలిక నేను ఆ తర్వాత ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

అయితే ఆ గరగర మరీ బలంగా, చేయంతా దూకుతున్నట్టుంటే అది కూడా గుండె సంగతే. ఆ దారి గుండా రక్తం మరీ ఎక్కువగా పారితే గుండెకు విశ్రాంతి లేదు. ఫిస్టులా చెయ్యి పట్టుకున్నప్పుడే రెండో చేత్తో మడమ పైన ఎముక మీద బొటనవేలుతో పది క్షణాలు నొక్కి చూడండి. సొట్ట పడి నిలిస్తే ఒంట్లో నీళ్లున్నాయి. మంచం పట్టిన మనిషికి అక్కడ కాదు, నడుము దగ్గర నొక్కాలి. మెడ మీద సిర ఉబ్బి కొట్టుకుంటున్నదా, రాత్రి తలగడలు ఒకటి నుంచి మూడయ్యాయా అడగాలి. అరచేతి గీతలు తెల్లబడితే రక్తం తక్కువుంది, తక్కువ రక్తంతో గుండె ఎక్కువ పనిచేస్తున్నది. మన రంగులో పాలిపోవడం మొహం మీద తెలియదు. అరచెయ్యి, నాలుక, కంటి లోపలి రెప్ప చూస్తేనే తెలుస్తుంది.

ఇవన్నీ ఏ రోజు చూడాలి? డయాలసిస్‌కు డయాలసిస్‌కు మధ్య ఎక్కువ రోజులు గడిచినప్పుడు చూడాలి. అమెరికాలో వారానికి మూడుసార్లు చేయించుకునే 32 వేల మంది లెక్కలు 2011లో అచ్చయ్యాయి. రెండు రోజుల ఖాళీ తర్వాతి రోజున మరణాలూ, గుండెపోట్లూ మిగతా రోజుల కన్నా ఎక్కువ. రెండు రోజుల ఖాళీకే అట్లా ఉంటే, శుక్రవారం నుంచి మంగళవారం దాకా ఆగే మన వాళ్ల సంగతి చెప్పక్కరలేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల డయాలసిస్ ఖర్చు చాలామంది మీద పడకుండా పోయింది. 2022లో డయాలసిస్ పేషెంట్లకు నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను కూడా మొదలైంది. ఇవి గొప్ప మేళ్లు, నేను చేతులెత్తి మొక్కుతాను. అయినా బస్సు చార్జీలు, వెంట వచ్చే మనిషి పోగొట్టుకునే కూలి, ఇంట్లో ఆగిపోయే బీడీల చాట, ఇవన్నీ కలిసి వారంలో మూడో డయాలసిస్ రోజును మింగేస్తున్నాయి. గల్ఫ్‌లో ఎండల్లో ఏళ్లు పనిచేసి, అక్కడ ఎన్నడూ బీపీ చూపించుకోకుండా, వాపులతో తిరిగొచ్చిన మగవాళ్ల ఇండ్లలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

మెడికల్ కాలేజీ పిల్లలతో ఒక మాట. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మా తరానికి ఈ ఊళ్లలో అంత భాగ్యం లేదు. మన రంగు చర్మం మీద ఏ గుర్తు గుండెను చెబుతుంది, ఏది చెప్పదు అన్న ప్రశ్నకు జవాబు పడమటి దేశాల నుంచి రాదు. మీ వార్డుల నుంచే రావాలి. ప్రతి డయాలసిస్ పేషెంటుకూ ఒక కాగితం పెట్టండి. దురద ఎంత, నిద్ర ఎంత, సొట్ట ఎంత, బరువు ఎంత, ఎన్ని రోజుల ఖాళీ. పైన తారీఖు వేయండి. రెండేళ్లు ఓపికగా రాస్తే, ఈ ప్రాంతపు మనుషుల గురించి ఇప్పటిదాకా ఎవరూ రాయని పుస్తకం మీ చేతిలో ఉంటుంది.

నిరుడు ఆ బీడీల తల్లి కూతురు నా దగ్గరికి వచ్చింది. ఆమెదీ అదే పని, అదే చాట. షుగర్ వచ్చి ఆరేళ్లయిందట. కూర్చోగానే బీపీ కోసం చెయ్యి చాపింది. కిటికీ దగ్గరికి రమ్మన్నాను. అరచేతులు చూశాను, గోళ్లు చూశాను, మెరుపు లేదు. "దురద ఉన్నదా బిడ్డా" అని అడిగాను. "అది మా అమ్మకుండె సారూ, నాకు లేదు. పొద్దుమీకినంక కాళ్లే జర ఉబ్బుతున్నయ్" అంది. మడమ పైన నొక్కాను. సొట్ట పడింది, మెల్లగా నిండింది. ఆ రోజే మూత్రం పరీక్షకు పంపాను. ప్రోటీన్ రెండు ప్లస్‌లు వచ్చింది. క్రియాటినిన్ ఇంకా 1.1 దగ్గరే ఉంది.